లెక్కలోకి రాని గోలు

తెర మీద హీరో పల్టీ కొడితే మీరు ఈలలేస్తారు. నేనూ వేస్తాను. కాని అక్కడ డూపు ఉండొచ్చు. డూపు లేకుండా పల్టీ కొట్టిన హీరో సంగతి ఈ వారం చెబుతాను. పేరు మిరొస్లావ్ క్లోజె, జర్మనీ ఫుట్‌బాల్ వీరుడు.

1978లో పోలండ్‌లో పుట్టాడు. ఎనిమిదేళ్లప్పుడు జర్మనీ వచ్చాడు. అప్పటికి ఆ భాషలో వచ్చినవి ఒకటి రెండు మాటలే! వడ్రంగం నేర్చాడు. ఆ కుర్రాడే 2002 ప్రపంచ కప్‌లో 5 గోల్సు కొట్టాడు, అయిదూ తలతోనే. గోలు పడగానే గాల్లో పల్టీ! 2014లో బ్రెజిల్‌ను వాళ్ల గడ్డమీదే 7-1తో చిత్తుచేసిన ఆటలో తన 16వ ప్రపంచ కప్ గోలు కొట్టి, బ్రెజిల్ వీరుడు రొనాల్డో రికార్డునే దాటేశాడు. కప్పు గెలిచి దేశం జట్టుకూ, 2016లో ఆటకూ సెలవు చెప్పాడు.

నాకు నచ్చిన గోలు మాత్రం ఏ లెక్కలోనూ లేదు. 2012 సెప్టెంబరు. ఇటలీలో లాజియో జట్టుకు ఆడుతున్నాడు. నేపుల్స్‌లో నాపొలి జట్టుతో పోటీ. ఆట మొదట్లోనే బంతి వలలో పడింది. రిఫరీ గోలు ఇచ్చేశాడు. క్లోజె ఆయన దగ్గరికెళ్లి, బంతి తన చేతికి తగిలిందని చెప్పేశాడు! గోలు రద్దు. ఎదుటి జట్టువాళ్లే వచ్చి మెచ్చుకున్నారు.

సినిమా అయితే ఇక్కణ్ణుంచి హీరో గెలవాలి. గెలవలేదండీ! లాజియో 3-0తో ఓడింది. 2005లోనూ, బ్రెమెన్ జట్టులో ఉండగా, రిఫరీ ఇచ్చిన పెనాల్టీని సరికాదన్నాడు. అంటే, అది అతని అలవాటన్నమాట.

పల్టీకి ఒక ఈల వేశారుగా? ఆ పోయిన గోలుకి రెండు వెయ్యండి.