అమ్మని ఎవరూ అడగలేదు

స్టాఫ్‌రూంలో ఒక సారు అన్న మాటని వారం నుంచి మింగలేక కక్కలేక ఉన్నాను. "ఈ కొండ ఆడవాళ్లకి అందం గొడవ ఉండదు మేడం. రొమ్ము తీసేయాలంటే తీసేయించుకుంటారు. మనవాళ్లలా బెంగపెట్టుకోరు." ఆ 'మన'లో నన్నెప్పుడు కలిపారో! మా మాలపేట ఇంకా ఊరికి అవతలే ఉంది.

సరే, విషయానికొస్తాను. ఆయన అన్నది నా స్టూడెంట్ వాళ్లమ్మ గురించి. అరకు దగ్గర కొండ మీద ఊరు. కాఫీ పళ్ల కోతలప్పుడు గడ్డ చేతికి తగిలిందట. విశాఖలో ఆసుపత్రికి వాళ్లతో నేనూ వెళ్లాను. డాక్టరు తెలుగులో చెప్తుంటే ఆ పిల్ల వాళ్లమ్మకి కువిలో చెప్పింది. రెండు దారులన్నారు. గడ్డ వరకే తీసి తర్వాత రేడియేషన్ ఇవ్వడం, లేదంటే రొమ్ము మొత్తం తీసేయడం. తొలిదశలో ఏది ఎంచుకున్నా బతికే అవకాశంలో తేడా లేదని అమెరికాలో బెర్నార్డ్ ఫిషర్ బృందం 20 ఏళ్లు పేషెంట్లను గమనించి 2002లో చెప్పింది. డాక్టరూ నిజాయితీగా ఆ మాటే చెప్పారు.

కానీ రేడియేషన్ అంటే ఆమెకి వారానికి 5 రోజుల చొప్పున 5 వారాలు. మెషీన్ ఉండేది విశాఖలో. అరకు నుంచి 110 కిలోమీటర్ల పైనే. ఊరి నుంచి అరకు రావడమే ఇంకో ప్రయాణం. ఆపరేషన్‌కి ఆరోగ్యశ్రీ ఉంది. మరి ఐదు వారాలు తలదాచుకోవడానికి? ఇంటి దగ్గర చిన్నపిల్లల్ని, మేకల్ని ఎవరు చూస్తారు? పది నిమిషాల్లో "మొత్తం తీసేయమను" అంది. వేలిముద్ర వేసింది. ఫైల్లో అది పేషెంటు నిర్ణయం. నేనైతే బస్సు నిర్ణయం అంటాను.

రొమ్ముని మళ్లీ తయారుచేసే సర్జరీ ఒకటుందని ఆ గదిలో ఎవరూ అనలేదు. నేనే అడిగితే 'వీళ్లకెందుకు' అన్నట్టు చూశారు. విశాఖలోనే నా ఫ్రెండ్‌కి ఇదే జబ్బొస్తే, సిలికాన్ పెట్టాలా, పొట్ట దగ్గర కొవ్వు తెచ్చి కట్టాలా అని మూడుసార్లు కూర్చోబెట్టి మాట్లాడారు. చివరికి ఆమె ఏదీ వద్దంది. ఆ 'వద్దు' ఆమెది.

వీపు కండ తిప్పి కట్టే పద్ధతి కూడా ఉంది. కట్టెలమోపు మోసే మనిషికి ఆ కండ పోతే ఎలా? అమ్మ అదే అడిగేదేమో. అడిగి వద్దనేదేమో.

ఆడ్రి లార్డ్ గురించి క్లాసులో గొప్పగా చెప్తుంటాను. నల్లజాతి కవయిత్రి. 1978లో రొమ్ము తీసేశాక, కృత్రిమ రొమ్ము పెట్టుకోనని నిలబడి, 1980లో 'ది క్యాన్సర్ జర్నల్స్' రాసింది. ఆమెకి కనీసం ఇదిగో పెట్టుకో అన్నవాళ్లున్నారు, కాదనడానికి.

విశాఖలో రేడియేషన్ అయ్యేదాకా ఉండటానికి ఒక గది, తోడొచ్చిన మనిషికి తిండి, కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడే ఒక నర్సు. నేనడిగేది ఇంతే. కన్నకూతురి నోటితో తల్లికి రొమ్ము కోస్తామని చెప్పించడం ఆపండి.

మొన్న చైత్రం పండక్కి వాళ్ల ఊరు పిలిచారు. థింసా మొదలైంది. ఒకరి వీపు వెనక ఒకరు చెయ్యి వేసి, ఒరుసుకుంటూ కదిలే ఆట. అమ్మ గుమ్మం దగ్గరే కూర్చుంది. చెయ్యి ఇంకా లేవడం లేదేమో అనుకున్నా. పిల్ల నా చెవిలో చెప్పింది. పాత చీరముక్క మడిచి జాకెట్టులో పెట్టుకుందట. ఆడితే జారిపోతుందని రాలేదట.