‘మామూలే’ అనే ముందు నాడి చూడండి

గర్భిణి స్త్రీ ‘గుండె దడదడలాడుతోంది’ అంటే మన ఇళ్లలో సిద్ధంగా ఉండే జవాబు ఒకటే. ‘మామూలేనమ్మా, గాభరా పడకు.’ ఆస్పత్రికి వెళితే అక్కడా అదే జవాబు, కాస్త విసుగు కలిపి. అత్తగారు అనుభవంతో అంటుంది, డాక్టరు చదువుతో అంటారు. చాలాసార్లు ఇద్దరిలో ఎవరూ ఆమె మణికట్టు పట్టుకుని చూడరు.

‘మామూలే’ అన్నది అబద్ధమని నేననడం లేదు. గర్భంతో ఉన్నప్పుడు ఒంట్లో రక్తం 40 నుంచి 50 శాతం దాకా పెరుగుతుంది. గుండె నిమిషానికి 10 నుంచి 20 సార్లు ఎక్కువ కొట్టుకుంటుంది. అంత చాకిరీ చేస్తున్న గుండె అప్పుడప్పుడూ కొన్ని క్షణాలు పరుగెత్తి మళ్లీ సర్దుకోవడం ఎక్కువమందిలో ప్రమాదం కాదు. అయితే ఆ మాట పరీక్ష చేశాక చెప్పాల్సిన ఫలితం. మనకి దాన్ని పరీక్షకు బదులుగా ఇస్తున్నారు.

పైగా ఆ ‘గాభరా’ ఒకటి! ఒంట్లో జరిగినదాన్ని మనసుకి అంటగట్టే మాట అది. ఆమె చెప్పుకున్న బాధ కాస్తా ఆమె స్వభావంలో లోపమై కూర్చుంటుంది. హిస్టీరియా అన్న పేరు గర్భసంచికి గ్రీకులో ఉన్న మాట నుంచి పుట్టింది. వైద్యశాస్త్రం ఆ రోగం పేరు వదులుకుంది గానీ ఆ అలవాటు వదులుకోలేదు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో గర్భిణుల్లో 52.2 శాతం మందికి రక్తహీనత ఉంది. అంటే హిమోగ్లోబిన్ 11 గ్రాములకు తక్కువ. రక్తంలో సత్తువ తగ్గితే గుండె ఎక్కువసార్లు కొట్టుకుని ఆ లోటు పూడుస్తుంది. అందరికీ వడ్డించాక మిగిలింది తినే స్త్రీ గుండె దడని ‘మామూలే’ అనడమంటే, పితృస్వామ్యం చేసిన అప్పుని ప్రకృతి ఖాతాలో రాయడమే. థైరాయిడ్ తేడా వల్లా దడ రావచ్చు. చిన్నప్పుడు రుమాటిక్ జ్వరం వచ్చి గుండె కవాటం ఇరుకైపోయిన సంగతి గర్భంతో ఉన్నప్పుడే మొదటిసారి బయటపడే స్త్రీలూ ఉన్నారు.

‘గర్భం రోగం కాదని మీరే కదా అన్నారు, ఇప్పుడు పరీక్షలు చెయ్యమంటారేం?’ అని అడుగుతారు. అన్నాం, ఇప్పుడూ అంటాం. అదే సర్వేలో తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లు. కోతకి తొందరపడే వ్యవస్థకే నాడి చూసే తీరిక లేదు. ఇందులో వైరుధ్యమేమీ లేదు. రెండుచోట్లా ఆమె మాటకి విలువ లేదు, అంతే.

మనం అడిగేది పెద్ద కోరికేం కాదు. నాడి, రక్తపోటు చూడాలి. హిమోగ్లోబిన్, అవసరమైతే థైరాయిడ్ పరీక్ష చెయ్యాలి. ఒక ఇసిజి తియ్యాలి, దానివల్ల కడుపులో బిడ్డకి హాని లేదు. ఆ తర్వాత ‘మామూలే’ అంటే సంతోషంగా వింటాం.

దడ వచ్చినప్పుడు చేస్తున్న పని ఆపి కూర్చోవాలి. పడుకుంటే వెల్లకిలా కాకుండా ఎడమపక్కకి తిరగాలి. నీళ్లు తాగాలి, కాఫీ టీలు తగ్గించాలి. ఏ వేళప్పుడు, ఎంతసేపు, ఏం చేస్తుండగా వచ్చిందో రాసుకోవాలి. స్పృహ తప్పినా, ఛాతీలో నొప్పి వచ్చినా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, దడ ఆగకపోయినా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. రాయడం తేలికే. పొయ్యి మీద అన్నం ఉండగా పని ఆపి కూర్చునే హక్కు ఎంతమందికి ఉంది? ఆస్పత్రికి వెళ్లడానికి ఎవరి అనుమతీ అక్కర్లేనివాళ్లు ఎంతమంది?

1993లో ‘నీలి మేఘాలు’ వచ్చినప్పుడు స్త్రీలకి కవిత్వంలో ఈ మాటలెందుకన్నారు. అయినా మనం మన శరీరాల గురించి రాశాం. కవిత్వంలో సాధించుకున్న ఆ చోటు ఆస్పత్రి గదిలో ఇంకా దక్కలేదు. గర్భిణిని భయపెట్టొద్దని మనకి హితవు చెప్తుంటారు. తన గుండె గురించి తెలుసుకున్నందుకు ఆమె భయపడదు. చెప్పినా ఎవరూ వినరని తెలిసినందుకు భయపడుతుంది.