పబ్బైతే కల్చర్, తాటివనమైతే తాగుబోతుతనమా?

ఇంగ్లండులో ఉన్న మా ఫ్రెండొకడు మొన్న ఫోటోలు పంపాడు. ఆదివారం మధ్యాహ్నం, పల్లెటూరి పబ్బు. వాడి ముందు బీరు, పిల్లల ముందు చిప్సు, పక్కన అత్తగారూ మామగారూ. కింద "కల్చర్ అంటే ఇదీ" అని కామెంటు. బానే ఉంది, నాకేం అభ్యంతరం లేదు.

కానీ ఇదే మహానుభావుడు కిందటి ఎండాకాలం వరంగల్ వచ్చినప్పుడు, మా బాబాయి "పిల్లల్ని తీస్కొని తాటివనం పోదాం పద బిడ్డా" అంటే మొహం చిట్లించాడు. "పిల్లల్తో కల్లు దగ్గరికా, ఛీ!" అని. వాళ్ల నాయనమ్మ కూడా ఆ చెట్ల కింద కూచుని ముచ్చట్లు పెట్టినావిడే!

కల్తీ సంగతేంటి అంటారా? నిజమే, 2025 జూలైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు మనుషుల్ని చంపింది. ఆ మత్తుమందు నీళ్లని నేను సమర్థించను. అయితే అది చెట్టు కల్లు కాదు. పొద్దున దించిన కల్లు సాయంత్రానికే పులిసిపోతుంది. మంచిది తాగాలంటే మనమే చెట్టు దగ్గరికి పోవాలి, అందుకే అదొక కుటుంబ ప్రయాణం. హైదరాబాద్‌లో 2004లో కల్లు దుకాణాలు మూయించి మళ్లీ 2014లో తెరిచారు. ఆ పదేళ్లూ బార్లు మాత్రం దర్జాగా నడిచాయి. ఎవరి తాగుడు మర్యాద, ఎవరిది మొరటు అన్నది ఎవరు తేల్చారో మరి!

మోకు కట్టుకుని తాడెక్కే గౌడన్నకి 2024లో సర్కారు సేఫ్టీ కిట్లు మొదలుపెట్టేదాకా ఆ మోకే దిక్కు. పబ్బులో బీరు పోసేవాడికి టిప్పిచ్చే మనం ఆయనతో పది రూపాయలకి బేరమాడతాం.

వాడు మళ్లీ వచ్చే ఎండాకాలం దిగుతాడట. తాటివనానికి రానంటే ఆ పబ్బు ఫోటోలకి నేను లైక్ కొట్టేది లేదు.