ప్రథమ చికిత్స ఇంటింటి చదువు కావాలి

ఆ మధ్య మా వీధిలో ఒక ఇంట్లో అన్నం వారుస్తుండగా వేడి గంజి చిన్నపిల్ల కాలి మీద పడింది. ఒకరు టూత్‌పేస్టు పూశారు, మరొకరు సిరా తెచ్చారు. కుళాయి నాలుగడుగుల దూరంలోనే ఉన్నా, ఆ కాలిని దాని కింద పెట్టాలని ఎవరికీ తోచలేదు. ఆ తల్లిని తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. ఆమెకు ఎవరూ నేర్పలేదు. నేర్పవలసిన మనమే ఊరకున్నాం.

ప్రమాదం జరిగినప్పుడు ముందుగా పక్కన ఉండేది డాక్టరు కాదు. అమ్మ, అక్క, నానమ్మ. ప్రథమ చికిత్స శిబిరాలు ఎక్కడో పట్నంలో, పగటిపూట జరుగుతాయి. ఇల్లు విడిచి వెళ్లలేని స్త్రీలకు అవి అందవు. వారికి దూరవిద్యే తగిన మార్గం. ఇది మనకు కొత్తదేమీ కాదు. దేశంలో తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాదులోనే వెలిసింది. 1998లో మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం తన బోధనను దూరవిద్యతోనే ఆరంభించింది. ఇంట్లో కూర్చుని డిగ్రీ చదవగలిగినవారు ఈ నాలుగు పాఠాలు చదవలేరా?

చేయకూడనివి నేర్చుకోవడానికి పుస్తకం, ఫోనులో పాఠం చాలు. కాలిన చోట పేస్టు, సిరా పూయరాదు, మంచుగడ్డ పెట్టరాదు. ఇరవై నిమిషాల పాటు చల్లని నీటి ధార కింద ఉంచాలి. వాపు రాకముందే గాజులు, ఉంగరాలు తీసేయాలి. పాము కాటుకు బిగించి కట్టు కట్టరాదు, కోయరాదు, నోటితో పీల్చరాదు. కాటుపడిన అవయవాన్ని కదలనీయకుండా వెంటనే ఆస్పత్రికి చేర్చాలి.

అయితే అన్నీ చదివితే వచ్చేవి కావు. గుండె ఆగిన పెద్దవారి ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, కనీసం ఐదు సెంటీమీటర్ల లోతుకు నొక్కాలి. ఈ మాట పది నిమిషాలలో కంఠస్థమవుతుంది. కానీ ఆ లోతు, ఆ వేగం చేతికి తెలియాలంటే శిక్షకుని ఎదుట బొమ్మ మీద సాధన చేయాలి. ఈత పాఠం కంఠస్థం చేసినంత మాత్రాన నీటిలో తేలగలమా? సాధన చేయించకుండా సర్టిఫికెట్ ఇచ్చే కోర్సు అభ్యర్థిని మోసగించినట్లే. రేపు ఆ చేతుల్లో పడే రోగినీ మోసగించినట్లే.

కనుక పాఠం ఇంటికి రావాలి. సాధనకు ఒక్కరోజు మనం వెళ్లాలి. ప్రతి మొహల్లాలో పాఠశాలో, షాదీఖానాయో ఆ ఒక్కరోజు తెరిస్తే చాలు. స్త్రీలకు స్త్రీలే నేర్పే ఏర్పాటు చేస్తే రాలేమనేవారు ఉండరు. 108కు ఫోను చేయడం, ఇంటి గుర్తులు స్పష్టంగా చెప్పడం పిల్లలకూ అక్కడే నేర్పవచ్చు.

ప్రాణం కాపాడటం ఎంతటి పుణ్యమో జుమా ప్రసంగాలలో వింటూనే ఉన్నాం. ఎలా కాపాడాలో కూడా నేర్చుకుందాం.