తుపాకీ ఎవరి చేతిలో?
పౌరుల చేతిలో ఆయుధముంటే హింస తగ్గుతుందని అమెరికా తుపాకీ హక్కుల వాదులంటారు. కానీ 1967లో బ్లాక్ పాంథర్లు కాలిఫోర్నియాలో ఆ హక్కునే వాడుకోగా, గుళ్లు నింపిన తుపాకీతో బహిరంగంగా తిరగడాన్ని నిషేధించిన మల్ఫోర్డ్ చట్టాన్ని నేషనల్ రైఫిల్ అసోసియేషనే సమర్థించింది.

మన దగ్గర ఆ వాదం చట్టంలోనే ఉంది, కాకపోతే వరుస వేరు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక నిబంధనలు (1995), మూడవ నిబంధన: దాడుల ముప్పున్న ప్రాంతాల్లో అవసరమైతే ఇతర కులాలవారి లైసెన్సులు రద్దుచేయాలి, అక్రమ ఆయుధాలు స్వాధీనం చేసుకోవాలి, అవసరమైతే దళిత, ఆదివాసులకు లైసెన్సులివ్వాలి. ఈ చివరి మాటే మనవాళ్లకు గుర్తుంటుంది. రెండేళ్లకే, 1997 డిసెంబరులో, బీహార్‌లోని లక్ష్మణ్‌పూర్ బాథేలో రణవీర్ సేన 58 మందిని చంపింది.

నేను ముందు కోరేది మొదటి రెండింటి అమలునే. భూస్వామి తుపాకీని వదిలేసి కూలీకి లైసెన్సిస్తే, అతడు తుపాకీ దేనితో కొంటాడు? కొన్నా, ఠాణా అతడిని పౌరుడిగా చూస్తుందా, ముద్దాయిగానా?