తెరమీది శవపరీక్ష

2020లో వచ్చిన శైలేశ్ కొలను గారి ‘హిట్’ మొదలు, శవపరీక్షచే నేరరహస్యమును ఛేదించు కథలు మన యిండ్లలో విరివిగా జూచుచున్నారు. అమలాపురము, రాజోలు ప్రాంతములలో మేమెఱిగిన యిల్లాండ్రు కొందఱు ‘అంతయు నిజమువలెనే యున్నది’ అందురు. కొందఱు ‘ఆ నెత్తురు చూడలేము’ అందురు. మాకు దోచిన లోపము వేఱు.

తెరమీద వైద్యుడు శవమును ముట్టినతోడనే మరణించిన గడియ చెప్పును. నిజమునకు దేహపు వేడిమియు, కండరముల బిగువును ఉజ్జాయింపు కాలమునే తెలుపును. ఎండకాలమున ఆ బిగువు త్వరగా వచ్చి త్వరగా సడలును. విషమని యనుమానమున్నచో లోపలి యవయవముల భాగములను రసాయనపరీక్షకు బంపి వేచియుండవలెను. కాలువలో దొరకిన మనిషి మునిగి చనిపోయెనో, చనిపోయిన పిదప నీట బడెనో తేల్చుటయు సులభము కాదు.

ఇది మనకేల యందురా? పెండ్లియైన 7 సంవత్సరములలోపల స్త్రీ మరణించినప్పుడు, అనుమానమున్నను, ఆమె బంధువులలో నొకరు కోరినను, పోలీసులు దేహమును శవపరీక్షకు బంపవలెనని 1983లో చట్టమును సవరించిరి. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహితలోను ఆ నియమము నిలిచియున్నది. అయినను ‘పిల్లను కోయనీయకుడు, పరువు పోవును’ అని దహనమునకు దొందరపెట్టు పెద్దలు కలరు. దేహము బూడిదయైన వెనుక ఎంతటి వైద్యుడును దానిని పరీక్షింపజాలడు. కథలను మెచ్చుకొందము గాక. కోరుటకు మనకు హక్కున్నదని మాత్రము మఱువకుందము.