పాత కంప్యూటర్‌కు 32 కేబీ చాలు

పాత కంప్యూటర్ చేతికొచ్చినవాళ్లు ముందుగా అడిగేది మెమరీ ఎంత పెంచాలనే. దాంతో ఏం చేయిస్తారో తేల్చుకోకుండా ఆ ప్రశ్నకు జవాబు లేదు. పని తేలితే మాత్రం చాలాసార్లు పుట్టుకతో వచ్చిన మెమరీయే సరిపోతుంది.

1984-85లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన 'క్లాస్' పథకం కింద మన దేశంలోని బడులకు వచ్చిన బీబీసీ మైక్రోనే తీసుకోండి. బ్రిటన్‌లోని ఏకార్న్ కంపెనీ 1981 చివర్లో ఇళ్లకూ బడులకూ తెచ్చిన యంత్రమిది. మోడల్ బి మూత తీస్తే బోర్డు మీద 16 మెమరీ చిప్‌లు వరుసలుగా కనిపిస్తాయి. 8 చిప్‌లు కలిస్తే 16 కేబీ, 16 కలిస్తే 32 కేబీ. 4 జీబీ ఫోన్‌లో ఇంతకు 1,31,072 రెట్లు మెమరీ ఉంటుంది.

ఆ 32 కేబీ ఎటు పోతుందో చూడండి. యంత్రం సొంత అవసరాలకు, ఫ్లాపీ డ్రైవ్‌కు కలిపి 6.25 కేబీ పోతుంది. అక్షరాలు మాత్రమే చూపే మోడ్ 7లో తెరకు 1 కేబీ చాలు, ప్రోగ్రామ్‌కు 24.75 కేబీ మిగులుతుంది. రంగుల బొమ్మల కోసం మోడ్ 2కు వెళితే తెర ఒక్కటే 20 కేబీ తీసుకుంటుంది, చేతిలో మిగిలేది 5.75. ఇంటి బడ్జెట్ లాగే ఇక్కడా ఒకచోట ఖర్చు పెంచితే ఇంకోచోట తగ్గించుకోవాల్సిందే. ఇంత ఇరుకులోనే ఇయాన్ బెల్, డేవిడ్ బ్రేబెన్ 1984లో 'ఎలీట్' ఆటను, అందులో వేల నక్షత్రాలను ఇమిడ్చారు. ఒక్కో నక్షత్రం వివరాలను దాచిపెట్టకుండా, అవసరమైనప్పుడు లెక్కగట్టి పుట్టించారు. మెమరీ తక్కువ కావడం వల్లే ఆ ఉపాయం తట్టింది.

పెంచుదామన్నా అంత తేలిక కాదు. బీబీసీ మైక్రోలోని 6502 ప్రాసెసర్ ఒకేసారి 65,536 చోట్లకు మించి చూడలేదు. అందులో సగం ర్యామ్, మిగతా సగం రోమ్ చిప్‌లదీ ఇతర భాగాలదీ. అదనపు మెమరీ పెడితే దాన్ని వంతులవారీగా లోపలికీ బయటికీ మార్చుతూ ఉండాలి. అలా మార్చడం తెలియని పాత ప్రోగ్రామ్‌కు అది ఉన్నా లేనట్టే.

ఇక మన భాష సంగతి. తెలుగు ఇందులో పడుతుందా? పడుతుంది, కాకపోతే లెక్క చూసుకోవాలి. ఒక అక్షర రూపాన్ని 16 చుక్కల వెడల్పు, 16 చుక్కల ఎత్తులో గీస్తే 32 బైట్లు. అచ్చులు, హల్లులు, గుణింతాలు, వత్తులు కలిపి 300 రూపాలు అనుకుంటే 9,600 బైట్లు. మోడ్ 4లో తెరకు 10 కేబీ పోగా మిగిలే 15.75 కేబీలో ఈ అక్షరాలు కూర్చుంటాయి, ప్రోగ్రామ్‌కు ఇంకా 6 కేబీ పైచిలుకు ఉంటుంది. అక్షరాలను అంకెలుగా దాచే 1991 నాటి ఇస్కీ పద్ధతిలో 'పోతన' అని రాయడానికి 4 బైట్లు చాలు. ఇవాళ ఫోన్లలో వాడే పద్ధతిలో అదే పేరుకు 12 కావాలి. ఉత్పలమాలలో పాదానికి 20 చొప్పున 80 అక్షరాలు. అక్షరానికి మూడు బైట్లు వేసుకున్నా పద్యానికి 240. అంటే 108 పద్యాల శతకం 100 కేబీ ఫ్లాపీలో పావు వంతు కంటే కాస్త ఎక్కువ చోటు తీసుకుంటుంది. కవుల ఊళ్లుగా పేరున్న బమ్మెర, పాలకుర్తి ఉన్న జనగామ జిల్లా పిల్లలకు ఇంతకంటే మంచి లెక్కల పాఠం ఏముంటుంది?

అందుకే నా విన్నపం. 2016లో జిల్లాలైన జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లిలో బడుల, ఆఫీసుల స్టోర్ గదులు ఖాళీ చేసేటప్పుడు పాత యంత్రాలను చూడకుండా తుక్కుకు వేయకండి. దొరికితే వెంటనే స్విచ్ వేయకండి. ముప్పై నలభై ఏళ్ల పవర్ సప్లైలో కెపాసిటర్లు పగిలి పొగ రావచ్చు, ముందు వాటిని మార్పించండి. మెమరీ చిప్ చెడితే చెడినదాన్నే మార్చండి. అంతకుమించి పెంచకండి. ఆ ఇరుకులో పని ఎలా జరిగిందో పిల్లలు కళ్లారా చూడాలి.

జిల్లాకు ఒక్క పాత యంత్రమైనా అసలు మెమరీతో నడిచే స్థితిలో ఉండాలి. దాని ముందు కూర్చున్న విద్యార్థి తన ఊరి పేరును చుక్క చుక్కగా తెరమీద గీయాలి. ఆ బాధ్యత ఉపాధ్యాయులు తీసుకోవాలి, ఖర్చు జిల్లా యంత్రాంగం భరించాలి.